చేదుకి మార్కులు ఎవరు వేయాలి?

పోయిన సంక్రాంతికి మా ఊరు పరిటాలలో, మా తమ్ముడి డాబా మీద నేను బీరు రుచి చూశాను. చూసి ఊరుకుంటే గొడవ లేకపోయేది. దానికి మార్కులు వేశాను. ఎందుకు అన్ని మార్కులే వేశానో రెండు పేజీలు రాసుకున్నాను. విజయవాడలో మేం నలుగురైదుగురం, రాసే ఆడవాళ్ళం, కలిసినప్పుడు ఆ రెండు పేజీలూ చదివాను. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరో టీ కప్పులు సర్దారు. తర్వాత, పాతికేళ్ళుగా నాకు స్నేహితురాలైన ఒకామె నెమ్మదిగా అంది: "తాగితే తాగావు. దాని గురించి రాయడం దేనికి? దూబగుంట ఆడవాళ్ళకి ఏం మొహం చూపిస్తాం?"

ఆ పూట నాకు జవాబు రాలేదు. ఇంటికొచ్చాక వచ్చింది. ఆలస్యంగా వచ్చే జవాబులన్నిటిలాగే కాస్త కోపంగా వచ్చింది.

ఆమె అభ్యంతరం తాగడానికి కాదని గమనించండి. రాయడానికి. ఒక గుక్క మింగితే అది నా బలహీనత, స్నేహం కొద్దీ క్షమించేయొచ్చు. అందులో ఏముందో, ఏం లేదో, ఎక్కడ చెడిందో చెప్పడమే తప్పు. ఆడదాని నాలుకకి రుచి తెలిస్తే ఫరవాలేదు గానీ, తీర్పు చెప్పడం తెలియకూడదన్నమాట. ఈ మాట మా తాతయ్య అంటే నాకు ఆశ్చర్యం లేదు. మనం అంటున్నామే!

ముందు ఆ సాయంత్రం సంగతి చెప్పాలి.

మా తమ్ముడి కొడుకు సియాటిల్ దగ్గర ఉంటాడు. విదేశం నుంచి వచ్చేవాళ్ళు తలకి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు కాబట్టి, 473 మిల్లీలీటర్ల టిన్నులు లెక్కకట్టి నాలుగు తెచ్చాడు. నాలుగూ ఒకే రకం. ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు, అందులోనూ 'సిట్రా' అనే ఒకే ఒక్క రకం హాప్స్‌తో కాచింది. కింద మా మరదలు అరిసెల పాకం పడుతోంది. నేను బజ్జీల పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళాను. డాబా మీద నుంచి చూస్తే హైవే మీద లారీలు, 2003లో నిలబెట్టిన 135 అడుగుల ఆంజనేయస్వామి. ఆయన కళ్ళెదుటే మగపిల్లలు అయిదుగురు చాప మీద గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో కాగితం పెట్టుకుని, పరీక్ష రాస్తున్నట్టు రాస్తున్నారు. అమెరికాలో బీరు పోటీలకి న్యాయనిర్ణేతలు వాడే కాగితమట అది. మొత్తం 50 మార్కులు. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10.

నాకు ఆ కాగితం నచ్చింది. దాచడం ఎందుకు, ముప్ఫయ్యేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన దాన్ని. చూడ్డానికి 3, రుచికి 20 అని విడగొట్టిన పద్ధతిలో ఒక నిజాయితీ కనిపించింది. మన సాహిత్య పోటీల్లో ఇదే ఉండదు.

ఒకే రకం హాప్స్ ఎందుకు అనడిగాను. మావాడు చెప్పబోయి తడుముకుంటుంటే నాకే అర్థమైంది. కొత్త చింతపండు కొన్నప్పుడు మనం దాన్ని ముందు గుత్తివంకాయలో వెయ్యం. ఉత్త చారు కాచి చూస్తాం. పులుపులో పస ఉందా, వగరు దిగుతోందా, నల్లబడుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇదీ అంతే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని తేలిగ్గా వాడి, నాలుగైదు రకాల హాప్స్ కలపకుండా ఒక్కదానితోనే కాచితే ఆ పువ్వు గుణం దాచుకోవడానికి వీల్లేకుండా బయటపడుతుంది. ఆ ఒక్క పువ్వునే మూడు వేళల్లో వేస్తారు. గంటసేపు మరిగితే చేదు దిగుతుంది కానీ, దాని నూనెలన్నీ ఆవిరైపోయి వాసన పోతుంది. అందుకని దించేముందు ఇంకొంచెం వేస్తారు. చల్లారి పులిశాక మళ్ళీ పచ్చిగా వేసి ఊరబెడతారు. ఇందులో నాకు తెలియనిదేమీ లేదు. మెంతులు నూనెలో ఎప్పుడు వెయ్యాలో, మెంతిపొడి ఎప్పుడు చల్లాలో, కొత్తిమీర పొయ్యి ఆపాక ఎందుకు వెయ్యాలో తెలిసినవాళ్ళకి ఈ శాస్త్రం సగం వచ్చినట్టే.

"అత్తా, ఒక్క గుక్క వేసి చూడు" అన్నాడు మావాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే అడిగాడు.

నేను ముందు వాసన చూశాను. మా ఇంట్లో ఏదైనా ముక్కుతోనే మొదలు. దానికి కారణం ఉంది. పండగ వంట నైవేద్యం అయ్యేదాకా వండిన మనిషి నోట పెట్టకూడదు. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో మా అమ్మ ఆవిరి చూసి చెప్పేది. పరమాన్నం అడుగంటబోతోందని పక్కగదిలోంచి కేకవేసేది. వండిన మనిషికి రుచి చూసే హక్కు లేని వంటిల్లు అది. దేవుడు, తర్వాత మగవాళ్ళు, తర్వాత పిల్లలు, చివరికి ఆమె. అప్పటికి తీర్పులన్నీ అయిపోయేవి. "కొంచెం ఉప్పు తగ్గిందే" అనే మాట నాన్నది. అది తగ్గిందని అన్నం వార్చకముందే తెలిసిన మనిషి, మళ్ళీ ఉప్పు జాడీ తెచ్చి వడ్డించేది.

అమ్మ దగ్గర నేర్చిన ఆ ముక్కుతో చూశాను. మొదట పంపరపనస తొక్క గిల్లినప్పటి వాసన. దాని వెనక మామిడి. పిల్లలు కాగితాల మీద 'మామిడిపండు' అని రాసుకున్నారు. నాకు పండు తగల్లేదు. కాయ తెంపినప్పుడు తొడిమ దగ్గర చిమ్ముతుందే సొన, అది తగిలింది. చెప్పాను. "అత్త ఆవకాయకి మార్కులేస్తోందిరా" అన్నాడొకడు. మళ్ళీ నవ్వులు. తర్వాత చదివి తెలుసుకున్నాను, హాప్స్ నూనెలో ముఖ్యమైన మిర్సీన్ మామిడి సొనలోనూ ఉంటుందని. సొనకి చేతులు పొక్కిన వాళ్ళకి ఈ సంగతి ప్రయోగశాల చెప్పక్కర్లేదు.

రుచిలో చేదు మంచిదే. కాకరకాయలా వెంటనే మీద పడే చేదు కాదు. నానిన మెంతిగింజ కొరికినట్టు, ఆగి, గొంతు దగ్గర మొదలయ్యే చేదు. వెనకాలే కాస్త వగరు. బార్లీ తీపి పల్చగా ఉండి అడ్డం రాలేదు. కానీ మింగాక చివర ఇంకోటి మిగిలింది. వానకి తడిసి ఆరిన అట్టపెట్టె. "ఇది తాజాది కాదు. ఎక్కడో వేడికి తగిలింది" అన్నాను. మావాడు టిన్ను తిరగేసి అడుగున తేదీ చూశాడు. ఆగస్టు నెల. అయిదు నెలలు, అందులో ఎన్ని రోజులు ఎండలో, ఎన్ని రోజులు పెట్టెలో తిరిగిందో. గాలి సోకి పాతబడ్డ బీరుకి ఆ అట్టముక్క వాసనే గుర్తట. ఇలాంటి బీరు వాసన మొదటి రెండు మూడు నెలల్లోనే బాగుంటుందట.

నేనూ ఒకటి తప్పు చెప్పాను. రంగు మడ్డిగా ఉందని చూపుకి 3లో 1 వేశాను. ఈ రకాన్ని కావాలనే అలా మసకగా కాస్తారని మావాడు చెబితే దిద్దుకుని 3 వేశాను. వాసనకి 7, రుచికి 11, నోట్లో ఆనే తీరుకి 3, మొత్తానికి 5. వెరసి 29. వాడు 46 వేశాడు.

ఇంతవరకూ ఇది ముచ్చటే. రాత్రి భోజనాల దగ్గర ఇంకొకటి జరిగింది. ఆ అయిదుగురిలో ఒక కుర్రాడు తన ఫోనులో రాసుకున్న సమీక్ష చదివి వినిపించాడు. అందులో 'మామిడి సొన' ఉంది. తడిసిన అట్టపెట్టె ఉంది. ఇంగ్లీషులో ఉన్నాయి. 'నాకు తగిలింది' అని ఉంది. అందరూ "ఏం పట్టావురా" అన్నారు. నేను వడ్డిస్తున్నాను.

కుర్రాడి మీద నాకు పెద్ద కోపం లేదు. దొంగతనం చేస్తున్నానని వాడికి తెలియదు. డాబా మీద నేనన్నది వాడికి చెణుకు. వాడు రాసింది సమీక్ష. మధ్యలో మారింది ఏమిటి? మాట మారలేదు, వాసన మారలేదు. చెప్పిన మనిషి మారింది. నా స్నేహితురాలు నన్ను రాయొద్దంటున్నది సరిగ్గా ఇలాంటి చోట.

ఇది బీరుతో మొదలైంది కాదు. మా మెట్టప్రాంతంలో, నందిగామ, జగ్గయ్యపేట వైపు, జనవరి దాటితే మిరప కల్లాలు. కల్లంలో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తలకి గుడ్డ కట్టుకుని, ముక్కు మండుతూ, తాలుకాయ ఏరేది ఆడవాళ్ళు. ఎర్రగా ఉన్న కాయని వేళ్ళ మధ్య ఒక్కసారి నొక్కి లోపల తడి ఉందని పక్కన పడేస్తారు. బూజు బయటికి కనపడకముందే వాసన పట్టి తీసేస్తారు. ఒక్కో మనిషి చేతిలోంచి రోజుకి ఎన్ని వేల కాయలు నడుస్తాయో, అన్ని వేల తీర్పులు. దానికి పేరు కూలి. ఆ బస్తాలు గుంటూరు యార్డుకి వెళ్ళాక వ్యాపారి వచ్చి నాలుగు కాయలు తీసి విరిచి, వాసన చూసి, ధర చెబుతాడు. దానికి పేరు అనుభవం. ఆయన విరిచిన నాలుగు కాయలూ బాగుండడానికి కారణమైన ముక్కు కల్లంలో తుమ్ముతూ ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మా ఊరిది వజ్రాల నేల. పరిటాల గనుల పేరు పాత పుస్తకాల్లో ఉంది. కృష్ణకి అవతలి గట్టున కొల్లూరు ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. 17వ శతాబ్దంలో ఆ గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే అక్కడ 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు. రాయి నాణ్యం చూసి విలువ కట్టడం గురించి ఆయన వివరంగా రాశాడు. మట్టి మోసినవాళ్ళలో ఒక్కరి పేరు లేదు. ఉంటుందని ఎవరూ ఎదురు చూడరు కూడా.

హాప్స్ సంగతీ ఇంతే, ఇంకా చిత్రం. ఆ తీగల్లో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. బీరుకి పనికొచ్చేది ఆడ పువ్వే. గింజ కట్టకూడదని తోటల్లో మగ తీగల్ని పీకేస్తారు. (దీన్నుంచి కవిత్వం పిండాలని నాకు లేదు. వృక్షశాస్త్రం మనకి అనుకూలంగా ఉన్నంత మాత్రాన ఒరిగేదేమీ ఉండదు.) ఆ పువ్వు చేదు పానీయాన్ని చెడిపోకుండా కాపాడుతుందని 12వ శతాబ్దంలోనే రాసిపెట్టింది హిల్డెగార్డ్ అనే జర్మన్ సన్యాసిని. దిగులు పుట్టిస్తుందని కూడా రాసింది. అసలు అప్పటి ఇంగ్లండు పల్లెల్లో హాప్స్ లేని ఏల్ కాచి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. నాలుగు రోజుల్లో పులిసిపోయేది కాబట్టి ఇంట్లో కాచి, ఇంటిముందు అమ్ముకునే సరుకు. హాప్స్ వచ్చాక బీరు నిలవుండడం మొదలైంది. నిలవుంటే పీపాల్లో పెట్టొచ్చు, బండ్ల మీద దూరం పంపొచ్చు. దానికి పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి, సంఘాల్లో సభ్యత్వం కావాలి. ఇవేవీ పెళ్ళయిన ఆడదానికి చట్టం ఇవ్వలేదు. 1300 నుంచి 1600 దాకా ఈ పని ఆడవాళ్ళ చేతుల్లోంచి ఎలా జారిపోయిందో జుడిత్ బెన్నెట్ 1996లో ఒక పుస్తకమే రాసింది. పని పోయింది కానీ పువ్వులు కోసే కూలి పోలేదు. ఏటా సెప్టెంబరులో తూర్పు లండన్ పేద ఆడవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని కెంట్ తోటలకి హాప్స్ కోతకి వెళ్ళేవాళ్ళు, 1950ల తర్వాత యంత్రాలు వచ్చేదాకా. కోసింది కొలిచి లెక్క రాసేవాడు వేరే ఉండేవాడు.

ఆ నిలవుండే గుణం వల్లే ఆ బీరు ఓడలెక్కి మన దేశం వచ్చింది. ఇండియాలో ఉన్న దొరల కోసం లండన్‌లో హాడ్జ్‌సన్, తర్వాత బర్టన్ ఊళ్ళో ఆల్సోప్ కంపెనీలు, హాప్స్ దండిగా వేసిన పేల్ ఏల్ పంపేవాళ్ళు. 1830ల నాటికి దానికి ఇండియా పేరు తగిలించి అక్కడా అమ్మారు. మన దేశం పేరున్న ఈ సరుకు మనవాళ్ళు తాగడానికి తయారైంది కాదు. మావాడు మాత్రం డాబా మీద "ఇది మన బీరే అత్తా" అన్నాడు. మసూలా ఓడరేవు నుంచి మా నేల వజ్రాలు వెళ్ళాయి, మద్రాసు రేవులో వాళ్ళ బీరు దిగింది. ఆ బేరం ఎవరికి లాభమో వాడికి విడమరిచి చెప్పాను. అది మార్కుల కాగితంలో లేని గడి.

ఇప్పుడు దూబగుంట దగ్గరికి వస్తాను. తప్పించుకోను.

సారా ఏం చేస్తుందో నాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. మా మేనత్త పుస్తెలు నాలుగుసార్లు తాకట్టుకి వెళ్ళాయి. అయిదోసారి వెళ్ళినవి తిరిగి రాలేదు. 1980ల్లో ప్రభుత్వమే 'వారుణి వాహిని' అని పేరుపెట్టి సారాని పొట్లాల్లో అమ్మించిన రోజులు. మా మామయ్య రాత్రి తలుపు తోసుకుని వచ్చేసరికి అత్త గడపలో నిలబడి ఉండేది. దూరంగా ఉన్నప్పుడే ఒక్క గాలి పీల్చేది. పొట్లం సారా అయితే ఒక వాసన. దొంగచాటుగా కాచిన నాటుసారా అయితే ఇంకొకటి. అందులో ఏదైనా కలిపి ఉంటే వేరే ఘాటు. అందులో రెండోది అయితే ఆయన గొణిగి పడుకుంటాడు. మూడోది అయితే పిల్లల్ని ఆ రాత్రి మా ఇంటికి పంపేది. నేను ఆ పిల్లల పక్కన పడుకున్నదాన్ని. ఎప్పుడూ అత్త అంచనా తప్పలేదు. ఒక చుక్క నోట్లో వేసుకోని మనిషి, ఆ వాసనని మూడు రకాలుగా విడదీసి, దాని బలం, దాని కల్తీ, దాని పర్యవసానం క్షణంలో చెప్పగలిగేది. పిల్లల ఒళ్ళు దాని మీద ఆధారపడి ఉంది. ఏ బీరు పోటీలో ఏ న్యాయనిర్ణేతకి అంత పణం ఉంటుంది?

1992లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు లేచారు. అక్షరాస్యత తరగతుల వాచకంలో చదువుకున్న సీతమ్మ కథ నుంచి మొదలైందని మనమందరం రాశాం, నేనూ రాశాను. చదువు వల్ల వాళ్ళకి చైతన్యం వచ్చిందని రాశాం. ఇప్పుడు ఆ వాక్యం చూస్తే సిగ్గుగా ఉంది. వాళ్ళకి సారా సంగతి వాచకం చెప్పాలా? ఏ పొట్లంలో ఎంత నీళ్ళు, ఏ పొట్లంలో ఏం కలిపారు, ఏ రోజు కూలి డబ్బు ఎంత లోపలికి పోయింది, ఆ రాత్రికి ఎన్ని దెబ్బలు అన్నది లెక్కతో సహా తెలిసినవాళ్ళు వాళ్ళు. వేలం పాటలు ఆపమన్నది పాపభయంతో కాదు. ఈ సరుకు మాకు తెలుసు, దీని ధర మాకు తెలుసు, అది కడుతున్నది మేము అని చెప్పారు. అది తీర్పు. అంతకు ముందు అబ్కారీ అధికారులూ, కాంట్రాక్టర్లూ, శాసనసభ్యులూ మాత్రమే చెప్పే తీర్పు.

మనం ఆ తీర్పుని ఏం చేశాం? శీలం చేశాం. 'మద్యం ముట్టని తల్లి' బొమ్మ చేసి గోడకి తగిలించాం. ఇప్పుడు ఆ బొమ్మకి మొహం చూపించలేకపోతున్నాం.

ప్రభుత్వాలకి ఆ బొమ్మ ఎంత సుఖమో చూడండి. మద్యం మీద చర్చ ఈ రాష్ట్రంలో ఎప్పుడూ మగవాళ్ళ సభల్లోనే జరిగింది. 1954లో ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది మద్యనిషేధం గొడవ మీదే. 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి పూర్తి నిషేధం, పెట్టింది వారుణి వాహిని నడిపించిన ఎన్టీఆరే. 1997లో ఎత్తేశారు. (2022 నుంచి మా పరిటాల ఆయన పేరున్న జిల్లాలోనే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియని ఇలాంటి విషయాలు మా ఊరికి అలవాటే. 1948 దాకా చుట్టూ మద్రాసు రాజ్యం ఉంటే మేం నిజాం కింద ఉన్నవాళ్ళం.) 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వస్తే ఊరంతా చెప్పుకున్నది 99 రూపాయల క్వార్టరు గురించి. ధర గురించి చర్చ ఉంది, రాబడి గురించి ఉంది, దుకాణం ఎవరికి అన్నదాని మీద ఉంది. ఆ సీసాలో ఏముంది, దానికి ఏ వాసన వస్తోంది, తాగిన మనిషి ఇంటికొచ్చి ఏం చేస్తున్నాడు అన్నవి అడగదగిన ప్రశ్నలు కావు. ఆ మూడిటికీ జవాబు తెలిసిన మనిషికి మనం ఇచ్చిన మాట ఒక్కటే: "వద్దు". ఆ ఒక్క మాట దాటి ఆమె ఏం చెప్పినా తాగుబోతుల పక్షం.

నా స్నేహితురాలు ఇంకో మాట కూడా అంది. చాప మీద కూర్చుని పువ్వు వాసనలు ఎంచడం డబ్బున్నవాళ్ళ వేడుక అనీ, ఆ మాటలన్నీ చివరికి సారాయి వ్యాపారానికే అత్తరు పూస్తాయనీ. ఇందులో నిజముంది, ఒప్పుకుంటాను. ఆ ఒక్క టిన్ను ఖరీదు మా చేలో మిరపకాయ కోసే మనిషి ఒకరోజు కూలికి దగ్గరదగ్గర. రుచి గురించి మాట్లాడగలగడం తీరిక ఉన్నవాళ్ళకే అని కూడా అనొచ్చు. కానీ అక్కడే ఆమెని ఆపి అడగాలనిపించింది, 'మనం ముట్టం' అన్నప్పుడు ఆ 'మనం' ఎవరమ్మా?

మా చేలకి కూలికి వచ్చే ఆడవాళ్ళు వేసవి మధ్యాహ్నం తాటిచెట్ల కింద కల్లు తాగేవాళ్ళు. దాచుకుని కాదు. కల్లుపాకలో కూర్చుని అమ్మే పెద్దామె ఒకామె ఉండేది, వాళ్ళాయన చెట్టెక్కేవాడు. లొట్టి దించగానే మొదటి రుచి ఆమెది. పోతుతాడు కల్లేదో, పండుతాడు కల్లేదో, ఏ గట్టు మీది చెట్టుదో, పొద్దుటిదో సాయంత్రందో చెప్పేది. పులుపెక్కితే మొహమాటం లేకుండా "ఇయ్యాల బాగోలేదు, పోండి" అనేది. ఒక్క చెట్టు కల్లే కావాలని అడిగి తాగేవాళ్ళు ఉండేవాళ్ళు, దాని గుణం వేరని. సియాటిల్ నుంచి మావాడు నాలుగు టిన్నులు మోసుకొచ్చి చెప్పిన సంగతి ఇదే కదా! ఆమె మాటని రుచి అని ఎవరూ అనలేదు. కులవృత్తి అన్నారు. తాగే కూలి ఆడవాళ్ళని మా వీధి ఏమనేదో నేను రాయను, మీకు తెలుసు. ముట్టని ఆడది మంచిది అన్న బొమ్మ మా వీధి వంటింట్లో తయారైంది. దాన్ని ఉద్యమం మెడలో వేసి, ఉద్యమంలో ముందు నడిచిన ఆడవాళ్ళు మా వీధివాళ్ళు కానట్టు మరిచిపోయాం.

ఇక మార్కెట్టుకి ఈ బొమ్మ అంటే ప్రాణం. హైదరాబాద్‌లో సొంతంగా బీరు కాచి పోసే చోటికి ఒకసారి మా అమ్మాయితో వెళ్ళాను. జాబితా తెచ్చినతను నన్ను చూసి, అడక్కుండానే, "మేడమ్, లేడీస్‌కి ఇది బాగుంటుంది" అని పళ్ళరసం కలిపిన తియ్యటిదేదో చూపించాడు. చేదు మగవాళ్ళదట. ఉగాదికి వేపపువ్వు దులిపి, ఏరి, పచ్చడి కలిపే దాన్ని. పిల్లలు ఉమ్మేసిన కాకరకాయ ముక్కలు, వృథా చేయకూడదని, నలభయ్యేళ్ళు తిన్నదాన్ని. నాకు చేదు పడదని అతనికి ఎవరు చెప్పారు? మనమే చెప్పాం, నిన్నా మొన్నా కాదు, చాలా కాలంగా.

అందుకని రాశాను. ఇకముందూ రాస్తాను. బీరు మంచిదని కాదు. ఆ బీరు అంత మంచిది కాదని నేనే రాశాను కదా, 17 మార్కులు తక్కువ వేసి! మంచిది కాదని చెప్పాలన్నా ముందు నాలుక ఉందని ఒప్పుకోవాలి. మా అత్త ఇప్పుడు లేదు. ఉంటే ఆమెని కూర్చోబెట్టి ఆ మూడు వాసనలూ ఒక్కొక్కటిగా చెప్పించుకుని, ఆమె పేరుతో ఈ పత్రికకే పంపేదాన్ని. వేస్తారో లేదో చూసేదాన్ని.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేనూ మా మరదలూ డాబా మీద గిన్నెలూ గ్లాసులూ ఏరుతున్నాం. నాలుగో టిన్నులో అడుగున కాస్త మిగిలింది. "వదినా, ఇందాకట్నుంచి ఇంత గొడవ చేశారు, ఏముంది ఇందులో?" అని ఎత్తి ఒక గుక్క తాగింది. మొహం చిట్లించి, గోడ పక్కకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

"ఎన్ని మార్కులు వేస్తావు?" అన్నాను.

"సున్నా" అంది. "చేదుకి కాదు. చేదు బాగానే ఉంది. ఆ చివర్న పాత పేపరు వాసన ఏంటి?"

చాప మీద పడి ఉన్న కాగితం తీసి, నా 29 పక్కన ఆమె పేరు రాసి, సున్నా వేశాను.